వరంగల్ చుట్టుపక్కల ఈతకు ఏ నీళ్లు మంచివి? చెరువు, వాగు, బావి, కొలను

ఏప్రిల్ వచ్చిందంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "పిల్లల్ని నీళ్లకు ఎక్కడికి తీసుకుపోదాం?" అని. ఆ వెంటనే పేర్లు మొదలవుతాయి. రామప్ప, లక్నవరం, పాకాల చెరువులు, బొగత జలపాతం. చుట్టూ గుట్టలు, మీద అడవి, కింద కదలని నీళ్లు. ఫోటోల్లో చూస్తే ఏదైనా ఈతకు పిలుస్తున్నట్టే ఉంటుంది. ఈ నీళ్లన్నీ చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని కాబట్టి ఒక మాట ముందే చెప్తాను. వీటిలో చాలావరకు చూడటానికి, పడవెక్కడానికి మంచివి. ఈత కొట్టడానికి కావు. ఈతకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి, వాటికి ఇంత పేరు లేదు.

కారణం చెరువు కట్టిన తీరులోనే ఉంది. కాకతీయుల కాలంలో రెండు గుట్టల మధ్య సందు చూసి, అడ్డంగా కట్ట వేసి, వాగును ఆపారు. అలా ఆపిన నీళ్లకు సముద్రంలాగా ఇసుక ఒడ్డు ఉండదు. కట్ట వైపు రాతి కట్టడం ఏటవాలుగా దిగుతుంది, చెరువులో ఎక్కువ లోతు ఉండేదీ అక్కడే. ఎదురు వైపు, అంటే శిఖం వైపు, నేల మెల్లగా దిగుతుంది కానీ అదంతా ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు. కాలు పెడితే పిక్కల దాకా, ఒక్కోచోట మోకాళ్ల దాకా దిగబడుతుంది. వాగు వచ్చి చెరువులో కలిసే చోట మాత్రమే కొంచెం ఇసుక దొరుకుతుంది. అక్కడికి సాధారణంగా దారి ఉండదు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. కొన్నేళ్ల కింద మా తమ్ముడి కొడుకు, అప్పటికి వాడికి పన్నెండేళ్లు, ఒక ఊరి చెరువులో శిఖం వైపు దిగాడు. మోకాలి లోతు నీళ్లు. వాడి చేతిలో మొక్కజొన్న కంకి కూడా ఉంది. నేను ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. "అత్తమ్మా, ఇక్కడ నీళ్లు చల్లగున్నయ్" అని ఒక అడుగు ముందుకేశాడు. అంతే, వాడి తల కనబడలేదు. కంకి మాత్రం నీళ్ల మీద తేలుతోంది. పొలాలకు మట్టి కోసం ఎవరో జేసీబీతో తవ్విన గుంత అది. అంచు గోడలాగా నిలువుగా ఉంది. పక్కనే మా తమ్ముడి బామ్మర్ది ఉన్నాడు కాబట్టి తువ్వాల విసిరి లాగాడు. వాడు అంచు పట్టుకుందామని చూసినప్పుడల్లా ఒండ్రు మట్టి విరిగి చేతిలోకి వచ్చేసింది. ఆ మట్టి వాడి గోళ్లలో రెండు రోజులు పోలేదు. పూడిక తీయడం చెరువుకూ మంచిదే, పొలానికీ మంచిదే. కానీ వానలు పడ్డాక పైనుంచి చూస్తే ఆ గుంత ఎక్కడుందో తవ్వినవాళ్లకు కూడా తెలియదు.

ముందు ఏం చూడాలి

ఆ రోజు నుంచి ఏ నీళ్లనైనా నేను ఒకే వరసలో చూస్తాను.

అన్నిటికంటే ముందు అడుగు. ఇసుకా, ఒండ్రా, బండా, తవ్విన గుంతలా? అడుగు కనబడని నీళ్లలో పిల్లల్ని దింపకూడదు, కనీసం పెద్దవాళ్లు కర్రతో పొడిచి చూసేవరకైనా. రెండోది బయటికి వచ్చే దారి. దిగడం ఎవరైనా దిగుతారు, అలసిపోయిన మనిషి ఎక్కగలడా అన్నది ప్రశ్న. పాచి పట్టిన రాతి కట్టడం తడి కాళ్లకు అందదు.

మూడోది నీళ్ల కదలిక. చెరువు నిలకడగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ తూము తెరిచినప్పుడు దాని నోటి దగ్గర నీళ్లు లోపలికి గుంజుతాయి. ఆ లాగుడుకు ఈతగాడు కూడా ఆగలేడు. మత్తడి, అంటే నిండిన చెరువు పొర్లిపోయే చోటు, దూకుతున్నప్పుడు ఆ పలచని నీళ్లలో నిలబడి ఫోటోలు దిగడం ఇప్పుడు అలవాటైంది. మత్తడి రాయి మీద పాచి సబ్బులాగా ఉంటుంది, జారితే పడేది కింది మడుగులో. తర్వాత నీళ్లలో ఏముందో చూడాలి. చేపల చెరువైతే నైలాన్ వలలు ఉంటాయి, అవి నీళ్లలో కనబడవు. తామర, గుర్రపు డెక్క ఉంటే కాళ్లకు చుట్టుకుంటాయి. ఎంత కొట్టుకుంటే అంత బిగుస్తాయి.

ఇక చివరిది, పక్కన మనుషులు ఉన్నారా, ఫోన్ కలుస్తుందా, ఆసుపత్రి ఎంత దూరం. ములుగు దాటి అడవిలోకి పోయాక సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. ఈ ఒక్క కారణంతోనే కొన్ని మంచి చోట్లు నా లెక్కలోంచి తీసేశాను.

| చోటు | అడుగు | ఒడ్డు | అసలు ప్రమాదం | దేనికి మంచిది |
|---|---|---|---|---|
| రామప్ప చెరువు | ఒండ్రు, కట్ట వైపు రాయి | ఏటవాలు రాయి | వెంటనే లోతు | కట్ట మీద నడక, సూర్యాస్తమయం |
| లక్నవరం | ఒండ్రు, మునిగిన చెట్లు, బండలు | గుట్టల అంచులు | లోతు తెలియదు | పడవ, వంతెన, రాత్రి బస |
| పాకాల | ఒండ్రు | కట్ట, అడవి | మొసళ్లు | పక్షులు, నిశ్శబ్దం |
| జంపన్న వాగు | ఎక్కువగా ఇసుక | మెల్లని వాలు, స్నానఘట్టాలు | వరద, మడుగులు | చలికాలం నీళ్లాట |
| బొగత | బండ | జారే రాళ్లు | సుడి, అకస్మాత్తు వరద | చూడటం |
| వ్యవసాయ బావి | లోతు, రాయి | మెట్లు ఉంటేనే | కరెంటు, విరిగిన అంచు | నేర్చుకున్నవాళ్ల ఈత |
| ఈత కొలను | గచ్చు, కనబడే అడుగు | పట్టుకునే కడ్డీలు | రద్దీ | పిల్లలకు నేర్పడం |

పేరున్న మూడు చెరువులు

రామప్ప సంగతి ముందు. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. గుడి చూసినవాళ్లు పక్కనే ఉన్న చెరువుకు వస్తారు, ఎండకు ఒళ్లు మండిపోయి దిగాలనిపిస్తుంది. దిగకండి. కట్ట రాళ్ల మీద రెండు మెట్లు దిగితే మూడోది ఎక్కడుందో తెలియదు. పైగా ఇందులోకి వాన నీళ్లే కాదు, దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు కూడా వస్తాయి. అందుకే "పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడ నడుము లోతే" అన్న లెక్క రామప్పలో పనికిరాదు. సాయంత్రం కట్ట మీద కూర్చుంటే గుట్టల వెనక పొద్దు గుంకడం కనిపిస్తుంది. నాకు ఈ జిల్లాల్లో అంతకంటే ఇష్టమైన చోటు లేదు. చేతిలో చాయ్ ఉంటే చాలు, నీళ్లలోకి దిగాల్సిన పనే లేదు.

లక్నవరం గోవిందరావుపేట మండలంలో, గుట్టల మధ్య ముడుచుకుని ఉంటుంది. వేలాడే వంతెనలు, దీవులు, పర్యాటక శాఖ పడవలు. నీళ్లు శుభ్రంగా ఉంటాయి, అందుకే కుర్రాళ్లకు మనసు లాగుతుంది. కానీ దీవులు అని మనం పిలిచేవి నిజానికి గుట్టల శిఖరాలు. అంటే దీవి అంచు నుంచి నేల నిటారుగా దిగిపోతుంది. నీటి మట్టం పెరిగినప్పుడు మునిగిన చెట్ల కొమ్మలు కింద ఉంటాయి. ఇక్కడ ఈత మాట మరిచిపోయి లైఫ్ జాకెట్ వేసుకుని పడవెక్కండి. జాకెట్ బకిల్ పెట్టకుండా భుజాలకు తగిలించుకుంటే నీళ్లలో పడ్డప్పుడు అది తల మీంచి పైకి జారిపోతుంది. పిల్లల జాకెట్లు వేరే సైజులో ఉంటాయి, అడిగి తీసుకోండి. నీళ్ల మీద గడపాలని ఉండి ఈత రానివాళ్లకు, పెద్దవాళ్లను వెంట తెచ్చుకునేవాళ్లకు లక్నవరమే సరైనది.

పాకాల గురించి మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. ఖానాపురం మండలంలో, నర్సంపేట దాటాక వస్తుంది. గణపతిదేవుడి కాలపు చెరువు. ఇక్కడి నీళ్లే కిందికి పారి మున్నేరై కృష్ణలో కలుస్తాయి, అదే రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరి దారి పడతాయి. చుట్టూ ఉన్నది 1952 నుంచి అభయారణ్యం. ఈ చెరువులో మొసళ్లు ఉన్నాయి. కాలు కడుక్కోవడానికి కూడా అంచున వంగి కూర్చోవద్దు. పొద్దున్నే పోతే పక్షుల అరుపులు తప్ప ఇంకేమీ వినబడదు. పాకాలకు పోవాల్సింది అందుకే.

ఇసుక కావాలంటే వాగు

సముద్రపు ఒడ్డులాంటి అడుగు మన దగ్గర చెరువులో కాదు, వాగులో ఉంటుంది. మేడారం దగ్గర జంపన్న వాగు అందుకు మంచి ఉదాహరణ. సమ్మక్క కొడుకు జంపన్న ఇందులోనే ప్రాణం విడిచాడని చెప్పుకుంటారు, అంతకు ముందు దీని పేరు సంపెంగ వాగు. స్నానఘట్టాలు కట్టారు, ఒడ్డు మెల్లగా దిగుతుంది, కాళ్ల కింద ఇసుక తగులుతుంది. పిల్లలు మోకాలి లోతులో బోర్లా పడుకుని ఆడుకోవచ్చు.

కానీ దీనికి కాలం చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వాగు జోలికి పోవద్దు. 2023 జూలై చివర్లో ఇదే జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది, ప్రాణాలు పోయాయి. అదే వారం వెంకటాపురం మండలంలో ముత్యాలధార జలపాతానికి పోయిన పర్యాటకులు వాగు దాటలేక రాత్రంతా అడవిలో చిక్కుకుంటే విపత్తు దళం వాళ్లు బయటికి తెచ్చారు. మన నెత్తి మీద ఎండ కాస్తుండగానే ఎగువన పడ్డ వాన వాగులోకి వచ్చేస్తుంది. నీళ్లు రంగు మారి ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైనా సామాన్లు వదిలేసి ఒడ్డెక్కాలి.

జాతర రోజుల్లో పుణ్యస్నానం వేరు, ఈత వేరు. లక్షల మంది దిగిన నీళ్లలో పిల్లల్ని ఆడించకండి. మార్చి తర్వాత వాగు సన్నబడుతుంది, అక్కడక్కడా నిలిచిన మడుగులే మిగులుతాయి. కాబట్టి నవంబరు, డిసెంబరు, జనవరి మంచి నెలలు. చలి అంటారా, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీళ్లు ఒంటికి హాయిగానే ఉంటాయి.

ఇసుక ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. వంతెన పిల్లర్ల చుట్టూ వరద ఇసుకను కోసుకుపోయి లోతైన మడుగు చేస్తుంది. ఇసుక తవ్విన చోట్లు కూడా అంతే. వంతెన నుంచి, మలుపు బయటి అంచు నుంచి దూరంగా, వాగు తిన్నగా సాగే భాగంలో దిగాలి. పెద్దవాళ్లు ఒకరు ముందుగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కర్రతో నడిచి చూసి, లోతు మొదలయ్యే చోట కర్ర పాతి దానికి ఎర్ర గుడ్డ కట్టాలి. మేము ప్రతిసారీ చేస్తాం. పిల్లలకు "ఆ గుడ్డ దాటొద్దు" అని ఒక్కసారి చెప్తే చాలు.

బొగత గురించి రెండు మాటలు. వాజేడు మండలంలో, ముల్లకట్ట దగ్గర గోదావరి దాటి పోవాలి. వరంగల్ నుంచి పోయి రావడానికి ఒక రోజంతా పడుతుంది. వానాకాలంలో దాని అందం చెప్పలేం. అదే కాలంలో దాని కింది మడుగు ప్రాణాలు తీస్తుంది. అటవీ సిబ్బంది ఆపిన చోట ఆగిపోండి.

నిజంగా ఈత కొట్టాలనుకునేవాళ్లకు

మా తరం ఈత నేర్చుకున్నది చెరువుల్లో కాదు, వ్యవసాయ బావుల్లో. మా బాపు నా వీపుకు ఖాళీ నూనె క్యాన్ కట్టి, నడుముకు మోకు వేసి, మెట్ల మీద నిలబడి మెల్లగా వదిలేవాడు. మా అన్నలకైతే ఎండిన సొరకాయ బుర్రలు. వారం తిరిగేసరికి క్యాన్ విప్పేశాడు, విప్పిన సంగతి నాకు తెలియదు. ఈ రోజుకీ బావి నీళ్ల చల్లదనం ముందు ఏ కొలనూ నాకు ఆనదు.

ఈత బాగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది బావే. దాని లోతు ఊళ్లో అందరికీ తెలుసు, వల ఉండదు, ప్రవాహం ఉండదు, నాలుగు గోడలు కళ్ల ముందు ఉంటాయి. అయితే బావిని కూడా ఎంచుకోవాలి. మెట్లు అడుగుదాకా ఉన్న దిగుడు బావే దిగండి. బావి గలాయనను అడిగి, మోటారు స్విచ్ ఆపి, ఫ్యూజు తీయించాకే దిగాలి. తొక్కు లేచిపోయిన వైరు నీళ్లను తాకితే బావంతా కరెంటే. ఏప్రిల్ నెలలో నీళ్లు దిగిపోయాక పైనుంచి దూకడం మానాలి, పోయినేడు లోతున మునిగి ఉన్న బండ ఈ ఏడు నీళ్లకు రెండడుగుల కిందే ఉండొచ్చు. చాలాకాలం వాడని, మూత వేసి ఉన్న బావిలోకి అసలు దిగకండి. లోపల చెడుగాలి నిలిచి ఉంటుంది, ఒకరిని కాపాడబోయి రెండోవాళ్లు, మూడోవాళ్లు పోతారు. ఒక మోకు ఎప్పుడూ చెట్టుకు కట్టి బావిలోకి వేలాడుతూ ఉండాలి.

బావి అందరికీ కాదు. పట్నంలో పెరిగిన, ఈత రాని పిల్లలకు ఈత కొలనే మొదటి మెట్టు. పూల్ ఎంచుకునేటప్పుడు ఫీజు చూడటం కన్నా ఒక్కసారి గట్టు మీద నిలబడి చూడండి. అడుగు గళ్లు స్పష్టంగా కనబడుతున్నాయా? లోతు అంకెలు గోడ మీద రాసి ఉన్నాయా? నీళ్ల మీదే కళ్లు పెట్టి కూర్చున్న మనిషి ఒకరున్నారా, లేక కౌంటర్ దగ్గర ఫోన్ చూసుకుంటున్నారా? మూడింటిలో ఒకటి లేకపోయినా ఇంకో పూల్ వెతుక్కోండి. సాయంత్రం రద్దీలో కోచ్ దృష్టి పదిమంది మీదికి పోతుంది, పొద్దున ఆరింటి బ్యాచ్ మంచిది. ఆడపిల్లలకు వేరే టైమింగ్ ఉందో లేదో ముందే కనుక్కోండి. చాలామంది అమ్మలు ఈ ఒక్క కారణంతో నేర్పించకుండా ఆగిపోతారు, నాకు అది చాలా బాధనిపిస్తుంది.

నగరంలోని చెరువుల గురించి అడుగుతారు. భద్రకాళి చెరువు ఈతకు కాదు, మురుగు చేరిన నీళ్లు, పూడిక తీయడానికి 2024 చివర్లో చెరువునే ఖాళీ చేయాల్సి వచ్చింది. వడ్డేపల్లి, ధర్మసాగర్ మనం తాగే నీళ్లు. కరీంనగర్ వైపు దిగువ మానేరు 24 టీఎంసీల జలాశయం, గాలి లేస్తే అలలు కొడతాయి. అంచు నుంచి నాలుగడుగులు వేస్తే చాలు, ఎంత లోతో చెప్పలేం. గ్రానైట్ క్వారీ గుంతలు నీలంగా మెరుస్తాయి కానీ నాలుగు వైపులా నిలువు రాయే. వాటి దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.

జరగరానిది జరిగితే

మన దేశంలో ఏటా 30 వేలకు పైగా మనుషులు నీళ్లలో మునిగి చనిపోతున్నారు. మునిగేవాళ్లు సినిమాల్లోలాగా కేకలు వేయరు, చేతులు ఊపరు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ అవుతుంటుంది, శబ్దం రాదు. అందుకే పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషికి వేరే పని ఉండకూడదు. వంట లేదు, ఫోన్ లేదు. మా ఇంట్లో అరగంటకొకరు వంతు తీసుకుంటాం.

ఈత రాకపోతే దూకి కాపాడబోవద్దు. చీర, తువ్వాల, మోకు, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏది దొరికితే అది విసరండి. బయటికి తెచ్చాక చాలామంది తలకిందులుగా పట్టి తిప్పుతారు, పొట్ట నొక్కుతారు. దాంతో సమయం పోతుంది, కడుపులోవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిరులు, 108 వచ్చేదాకా ఆపకుండా. నీళ్లు మింగి బయటపడ్డ పిల్లలు మామూలుగా కనబడినా దగ్గు, ఆయాసం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా మేనల్లుణ్ని కూడా తీసుకుపోయాం.

ఒక రోజు చేతిలో ఉంటే

డిసెంబరులో హనుమకొండ నుంచి పొద్దున ఆరింటికి బయల్దేరితే, ఎండ రాకముందే రామప్ప గుడి చూసి చెరువు కట్ట మీద టిఫిన్ చేయొచ్చు. అక్కడి నుంచి లక్నవరం, ఒక పడవ ప్రయాణం. పదకొండున్నరకల్లా అక్కడ బయల్దేరి పస్రా మీదుగా మేడారం. ముందు అమ్మవార్ల గద్దెలు, తర్వాత వాగు. పులిహోర మూట విప్పడం నీళ్లలోంచి బయటికి వచ్చాకే. మూడున్నరకు ఎర్ర గుడ్డ కర్ర పీకేస్తాం, ఎందుకంటే ఆ అడవిలో చీకటి తొందరగా పడుతుంది.

మా మేనల్లుడికి ఇప్పుడు ఈత బాగా వచ్చు. పోయినసారి వాగులో కర్ర పట్టుకుని ముందు నడిచింది వాడే.